తడి అచ్చు

తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా ల్యాబు హైమ మేడమ్ రాసిన రిపోర్టులో 'సాంకేతిక లోపం' అని ఉంది. సాంకేతికమూ కాదు, లోపమూ కాదు. నాంచారమ్మ అనే యాభై రెండేళ్ల మనిషి చెయ్యి, బుద్ధిని అడగకుండా చేసిన పని అది.

మాది పెడన. పుట్టిందీ పెరిగిందీ కలంకారీ అద్దకం బల్లల పక్కనే. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, మణికట్టు కింది ఎముకతో పైన ఒక్క గుద్దు గుద్దాలి. అంతే మా విద్య. ముప్పై ఏళ్లు అదే గుద్దు. మా నాన్న చదువు సంధ్యలు చెప్పించలేదు గానీ ఒక్క మాట మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. "తడి అచ్చు కింద పెట్టకూడదే!" గుడ్డ అయిపోయినా సరే, అన్నానికి పిలుపొచ్చినా సరే, అచ్చులో రంగు మిగిలుంటే పక్కనున్న పాత గుడ్డ మీద ఇంకో అచ్చు వేసి, తడి దింపేసి, అప్పుడు పెట్టాలి. లేకపోతే సన్నగీతల్లో రంగు ఎండిపోయి అచ్చు పాడవుతుంది. ఆ రెండో అచ్చు వెలిసినట్టు పడుతుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అలాంటి నన్ను బందరులో ఒక ల్యాబు వాళ్లు పనికి పిలిచారంటే మా వీధి వీధంతా నవ్వింది. "నాంచారమ్మ సైంటిస్టయిందిరోయ్" అని. నవ్వితే నవ్వారు.

సంగతేమిటంటే, వాళ్లు అద్దం పలక మీద వెండితో ఒక పొర తయారు చేస్తారు. వెంట్రుకని నిలువునా వెయ్యి పోగులుగా చీలిస్తే ఎంతుంటుందో అంత సన్నటి వెండి పోగులు, సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. అద్దం మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. దాన్ని తీసి మెత్తటి వాటి మీదకి, అంటే వంగే ప్లాస్టిక్కు మీదకో, మనిషి చర్మం మీదకో మార్చడమే గండం. మెషీన్ చేస్తే ముడత పడుతుంది, లేదా చిరుగుతుంది. హైమ మేడమ్ ఒకరోజు పెడనలో చీరల కోసం వచ్చి, చీరలు చూడ్డం మానేసి గంటసేపు నా చెయ్యి చూస్తూ నిలబడింది. "మా మెషీన్‌కి రానిది మీ చేతిలో ఉంది, వస్తారా?" అంది.

వెళ్లాను. వారంలో పట్టుకున్నాను. రంగు బదులు వెండి పొర, టేకు బదులు జున్నులా మెత్తటి రబ్బరు అచ్చు. ఆనించి గబుక్కున లేపితే పొర అచ్చుకి అంటుకుని వస్తుంది. ఆనించి నెమ్మదిగా లేపితే పొర కిందే ఉండిపోతుంది. ఇంతే రహస్యం. ఈ గబుక్కుకీ నెమ్మదికీ మధ్య తేడా మెషీన్‌కి చెప్పలేక వాళ్లు నాలుగేళ్లు కొట్టుకున్నారు.

ఆ పొర దేనికంటే, స్పర్శ పోయిన చేతులకి. ముందు దాన్ని మంచి చెయ్యి ఉన్న మనిషికి నలభై రోజులు తొడగాలి. వేడి అంటే ఏమిటో, గరుకంటే ఏమిటో, నీళ్లంటే ఏమిటో ఆ చేతి దగ్గర అది నేర్చుకుంటుంది. మేడమ్ 'ట్రైనింగ్' అనేది, నేను మండలం దీక్ష అనేదాన్ని. దీక్ష అయ్యాక అచ్చుతో లేపి, మొద్దుబారిన చేతి మీద వేస్తే, ఆ నేర్చుకున్నదంతా ఈ చేతికి చెబుతుంది. మణికట్టు పైన నరం బాగుంటే చాలు, ఒంట్లో వేడితోనే పొర పని చేస్తుంది.

నేను ఆ పనిలో చేరిందే మా చెల్లెలి కోసం. మా నాగేంద్రానికి ముప్పై రెండేళ్లు. బిడ్డ పుట్టిన ఆరో నెలలో జ్వరం వచ్చి, తగ్గుతూ తగ్గుతూ రెండు చేతుల్లో స్పర్శ పట్టుకుపోయింది. వేళ్లు కదులుతాయి, పని చేస్తుంది, కానీ ఏం పట్టుకుందో చూస్తే గానీ తెలియదు. ఒకసారి నీళ్లు కాగినవని తెలియక బిడ్డ వీపు మీద పోసింది. మోక్షిత వీపు మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు నుంచి మా చెల్లెలు బిడ్డకి నీళ్లు పోయాలంటే మోచెయ్యి ముంచి చూసుకునేది, చూసుకుని ఏడ్చేది. మా మరిది లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. నాలుగేళ్ల పిల్లని సాకేది ఆ రెండు మొద్దు చేతులే.

దీక్ష పట్టడానికి చెయ్యి కావాలి కదా. నేను వలీ తాతని అడిగాను. ఖాదర్ వలీ సాయిబు గారంటే పెడనలో అచ్చులు చెక్కే వాళ్లలో పెద్దదిక్కు. నేను ముప్పై ఏళ్లు గుద్దిన అచ్చుల్లో సగం ఆయన చెక్కినవే. ఎనభై దాటినా, కళ్లు మసకలైనా, చెక్క మీద వెంట్రుకంత తేడా వేలితో తడిమి చెప్పేవాడు.

"నా చెయ్యా? ఎందుకమ్మా, కళ్లజోడు పెట్టుకోడానికా?" అని వేళాకోళమాడి, "నాగేంద్రానికంటే కాదంటానా బేటీ" అన్నాడు.

నలభై రోజులు ఆ పొర ఆయన కుడి అరచేతిలో ఉంది. కంటికి కనపడదు, ఎండలో పెడితే చేపపొలుసులా మెరిసేది.

ఆ మార్చే రోజు ల్యాబులో ఎడమవైపు కుర్చీలో తాత, కుడివైపు కుర్చీలో నాగేంద్రం. తాత అరచేతి మీద అచ్చు ఆనించి గబుక్కున లేపాను. పొర మొత్తం వచ్చింది. నాగేంద్రం కుడిచేతి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా లేపాను. కూర్చుంది. ఒక్క ముడత లేదు. మేడమ్ "శెభాష్ నాంచారమ్మ గారూ!" అంటూ నాగేంద్రం వైపు తిరిగింది. అందరూ అటే తిరిగారు. మోక్షితని తెచ్చి ముందు నిలబెట్టారు. నా చెల్లెలు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, వేళ్లు జుట్టులోకి పోనిచ్చింది.

"అక్కా, దీని జుట్టు ఇంత మెత్తగా ఉంటుందటే? నాకెవరూ చెప్పలేదేంటే?"

నేను ఏడుస్తున్నాను. నా చేతిలో అచ్చు ఉంది. దాని మీద ఇంకా సన్నగా మెరుపుంది. దాన్ని అలాగే గాజుపెట్టెలో వేసి మూత పెట్టాలి, అది రూలు. ఇటు పక్కన వలీ తాత అరచెయ్యి తెరిచి చూసుకుంటున్నాడు.

"ఖాళీగా ఉందమ్మా. పన్ను ఊడిన చోటులా ఉంది" అన్నాడు, ఫిర్యాదులా కాదు, ఊరికే.

నా చేతిలో తడి అచ్చు. ఎదురుగా ఖాళీ చెయ్యి. ఇంక నేనేం ఆలోచించలేదు. ఆనించాను, మణికట్టుతో గుద్దాను, నెమ్మదిగా లేపాను. తడి దింపేశాను. అప్పుడు అచ్చు పెట్టెలో పెట్టాను. "హమ్మయ్య" అన్నాడు తాత. ఎవరూ చూడలేదు. చేసింది తప్పని నాకు ఇంటికెళ్లాక గుర్తొచ్చింది, గుర్తొచ్చినా చెప్పలేదు. వెలిసిన రెండో అచ్చే కదా, దానికేం శక్తి ఉంటుందిలే అనుకున్నాను.

పదకొండు రోజులు బందరులో మా చెల్లెలి ఇంట్లో పండగే. అది కనపడినదల్లా ముట్టుకునేది. కందిపప్పులో చెయ్యి ముంచేది, గోడ తడిమేది, మోక్షిత చెవులు నలిపి నలిపి పిల్లతో తిట్లు తినేది.

పన్నెండో రోజు శుక్రవారం. పొద్దున తొమ్మిదయి ఉంటుంది, నేను దాని ఇంట్లోనే ఉన్నాను. చిక్కుడుకాయలు వొలుస్తున్నదల్లా చటుక్కున చెయ్యి విదిలించింది.

"ఎవరే నీళ్లు పోసింది?"

ఎవరూ పోయలేదు. చెయ్యి పొడిగా ఉంది.

"పోస్తున్నారక్కా. ఇప్పుడు కూడా. గోరువెచ్చగా ఉన్నాయి." అరచెయ్యి తెరిచి దానివంకే చూస్తోంది. "రుద్దుతున్నారు. వేళ్ల సందుల్లో... ఎంత నెమ్మదిగా రుద్దుతున్నారో! మళ్లీ పోశారు."

"పొర కొత్త కదే, అలాగే ఉంటుందేమో" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

"మూడోసారి పోశారు. ఇవి చల్లగా ఉన్నాయి." తర్వాత కాసేపటికి దాని వేళ్లు వాటంతటవే దగ్గరికొచ్చి నిటారుగా అయ్యాయి. "గుడ్డ చుడుతున్నారక్కా" అంది.

నా ఫోన్ మోగింది. వలీ తాత కూతురు గౌసియా. "నాన్న తెల్లవారుజామున పోయారక్కా. నిద్రలోనే. ఇప్పుడే స్నానం చేయించారు" అని ఏడుస్తోంది. ఎదురుగా నా చెల్లెలు చిక్కుడుకాయల మధ్య కూర్చుని, చుట్టిన గుడ్డలోంచి చెయ్యి తీసుకోవాలని చూస్తున్నట్టు మణికట్టు కదుపుతోంది. అక్కడ గుడ్డ లేదు.

జుమ్మా నమాజు అయ్యాక, రెండున్నర ప్రాంతంలో, "పైన ఏదో పడుతోంది" అంది. "నా మీద కాదు, పైన ఎక్కడో చెక్క ఉన్నట్టుంది, దాని మీద. దబ్‌మని అదురుతోంది. మళ్లీ దబ్." అలా ముప్పావుగంట చెప్పింది. తర్వాత ఏమీ లేదంది. ఆ ఏమీ లేకపోవడమే ఎక్కువ భయం వేసింది దానికి.

మూడో రోజు పెడన వెళ్లాను పరామర్శకి. గౌసియా కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "ఆఖరి రోజుల్లో నాన్న భలే సంతోషంగా ఉన్నారక్కా. అరచెయ్యి ఇలా గాల్లో పెట్టి నిమిరేవారు. ఏంటి నాన్నా అంటే, చంటిదాని తలమ్మా, ఎంత మెత్తగా ఉందో అనేవారు. మా ఇంట్లో చంటిపిల్లలెవరూ లేరు కదా! ఒకరోజు కందిపప్పు, కందిపప్పు అని నవ్వారు."

నాకు అక్కడే అర్థమైంది. రెండో అచ్చు వెలిసిపోలేదు. ఇన్నాళ్లూ రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. భయం. పనిలోంచి తీసేస్తారని కాదు, నాగేంద్రం మొహం చూడలేనని. మూడు వారాలు నోరు మూసుకున్నాను. దేవుడు నన్ను క్షమిస్తే క్షమించాలి గానీ, నేనైతే క్షమించుకోను.

ఆ మూడు వారాల్లో నా చెల్లెలు చిక్కి సగమైంది. దాని కుడిచెయ్యి మంచుగడ్డలా ఉండేది. ఎండలో పెట్టినా, పొయ్యి దగ్గర పెట్టినా వెచ్చబడేది కాదు. వాన పడితే, ఇక్కడ పడిన అరగంటకి, "తడి దిగుతోంది" అనేది. ఒకరోజు అన్నం కలుపుతూ కెవ్వుమని లేచిపోయింది. చీమలంది. చేతి నిండా చీమలు. సబ్బు పెట్టి కడిగింది, ఇసకతో తోమింది, చర్మం ఎర్రబడింది గానీ చీమలు పోలేదు. ఎందుకు పోతాయి, అవి దాని చేతి మీద ఉంటే కదా!

అన్నిటికంటే పాపం మోక్షిత. అలవాటుగా వచ్చి కుడిచెయ్యి పట్టుకోబోతే, "ఆ చెయ్యి ముట్టుకోకే!" అని అరిచి లాక్కునేది. పిల్ల బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చేది. "పెద్దమ్మా, అమ్మ చేతికేమైంది? నేనేం చేశాను?" అని అడిగేది. ఏం చెప్పను?

"దాని తల మీద చెయ్యి పెడితే," అంది నాగేంద్రం ఒక మధ్యాహ్నం, పిల్ల వినకుండా గొంతు తగ్గించి, "నా బిడ్డని గోతిలో పెడుతున్నట్టుంది అక్కా. పైనేమో మెత్తటి జుట్టు, ఆ వెనకాలే మట్టి. రెండూ ఒకేసారి తెలుస్తున్నాయి. నాకు పిచ్చెక్కుతోందంటావా?"

ఇక ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున్నే ల్యాబుకెళ్లి మేడమ్ ముందు నిలబడి అంతా కక్కేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఒకే చేతి దగ్గర నలభై రోజులు కలిసి పెరిగిన పోగులవి. మీరు చీల్చి చెరో చోట పెట్టారు. ఇక్కడ లేని సగం అక్కడుంది, అక్కడ లేని సగం ఇక్కడుంది. అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి."

"చచ్చిపోయిన చేతిలో వేడి ఉండదు కదా మేడమ్? వేడి లేకపోతే పొర పని చెయ్యదని మీరేగా చెప్పారు?"

"అక్కడ లేదు." మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మీ చెల్లెలి చేతిలోంచి వెళ్తోంది."

మంచుగడ్డలాంటి ఆ చెయ్యి గుర్తొచ్చింది.

దానికి మందేమిటంటే తీసేయడమే. కానీ ఒకసారి పొర పట్టిన చర్మం ఇంకో కొత్త పొరని పట్టదు. తీసేస్తే ఆ చేతికి ఇంక ఈ జన్మలో స్పర్శ లేదు. ఎడమచేతికి వేద్దామంటే అటు నరం పైదాకా పోయింది. ఉంటే గోరీ, పోతే మొద్దు. ఇదీ నేను నా చెల్లెలికి చేసిన ఉపకారం.

ఆ సాయంత్రం నాగేంద్రానికి చెప్పాను. మొదటి మాట నుంచి చివరిదాకా. అది లేచి వచ్చి నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ కుడిచేత్తోనే. ఎంత చల్లగా ఉందో ఆ దెబ్బ! తర్వాత నా పక్కనే కూలబడింది.

"ముసలాయన పోయేదాకా నా బిడ్డ తల నిమిరాడన్నమాట."

"ఆఁ."

"మంచిదే." ఆ అరచేతిని కొంగుతో తుడుచుకుంది. "తీసేస్తే ఆయన ఒక్కడే అయిపోతాడు కదక్కా."

"ఆయన లేడే నాగేంద్రం. ఉన్నది చెయ్యే."

"నీకు తెలీదులే" అంది. అలా అన్నప్పుడు దాని గొంతులో కోపం లేదు. అరచెయ్యి తెరిచి చూసుకుంది. "నిన్నటినుంచి చీమలు కూడా లేవు. ఊరికే ఆ చెయ్యి నా చేతికి అలా ఆనుకుని ఉంటుంది. నేను ముడిస్తే ముడుస్తుంది."

పక్కగదిలో మోక్షిత నిద్రలేచి "అమ్మా" అని పిలిచింది. నాగేంద్రం లేవబోయి, కుడిచేతిని కొంగులో చుట్టుకుని, అప్పుడు వెళ్లింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "రేపే తీసెయ్యి" అంది.

మర్నాడు పదకొండు గంటలకి, ఎండ బాగా కాస్తుండగా తీశాం. మోక్షితని బయట వరండాలో ఒక అమ్మాయి దగ్గర కూర్చోబెట్టాం. నాగేంద్రం చెయ్యి చాపి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది. దండమో, క్షమాపణో నాకు తెలియదు. కొత్త అచ్చు ఆనించాను. గబుక్కున లేపాలి.

లేపాను. రాలేదు.

ఇంకోసారి ఆనించి లేపాను. అరచేతి చర్మం అచ్చుతో పాటు పైకి లేచి, గుంజి, మళ్లీ కిందికి లాక్కుంది. నాగేంద్రం వేళ్లు ఐదూ ముడుచుకుని, అచ్చుతో పాటు నా వేళ్లని కూడా పట్టేసుకున్నాయి.

"వదలవే" అన్నాను.

"నేను కాదక్కా!" అని అరిచింది. దాని మొహంలో రక్తం లేదు. "నేను పట్టుకోలేదు!"

మేడమ్ ఒక్కో వేలూ విప్పడానికి చూసింది, లొంగలేదు. అవి నా చెల్లెలి వేళ్లే, కానీ ఆ పట్టు ఉలి పట్టిన పట్టు. మన ఆడవాళ్లకి రాదు అది. అప్పుడు నాగేంద్రం కళ్లు తెరిచి, ముడిచిన ఆ పిడికిలి మీదకి వంగి, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడినట్టు చెప్పింది.

"తాతా. నీ దయవల్ల నా బిడ్డ జుట్టెలా ఉంటుందో తెలిసింది. మర్చిపోను. ఇంక నేను దాన్ని ఎత్తుకోవాలి, తాతా. ఈ చేత్తో ఎత్తుకోలేకపోతున్నాను. వదిలెయ్యి."

కాసేపటికి చిటికెన వేలు విడింది. తర్వాత ఉంగరం వేలు. ఒకటొకటిగా, తొందర లేకుండా, అన్నీ విడాయి. నేను గబుక్కున లేపాను. పొర మొత్తం వచ్చేసింది.

దాన్ని గాజుపెట్టెలో పెట్టి మూత వేశాం. తడి అచ్చుని తడితోనే కింద పెట్టడం నా బతుకులో అదే మొదలు. మేడమ్ 'ఎండితే ముడుచుకుంటుంది' అని రాసుకుంది. ముడుచుకుంది, నిజమే. ఒక్కో వేలూ ముడిచినట్టు ఎలా ముడుచుకుందో నేను చూశాను కాబట్టి ఆ గదిలోకి మళ్లీ పోలేదు. మర్నాడే ఆ పెట్టెని గౌసియా తమ్ముడికిచ్చాం, తాత గోరీ పక్కన పాతిపెట్టమని. నేను ఆ పని మానేశాను.

అదంతా తర్వాత. ఆ రోజు మాత్రం బయటికొచ్చేసరికి మోక్షిత వరండాలో చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుని నిలబడి ఉంది. అమ్మని చూసి పరిగెత్తుకొచ్చి, సగంలో ఆగిపోయింది. ఏ చెయ్యి పట్టుకోవాలో తెలియక.

నాగేంద్రం కుడిచెయ్యి చాపింది. పిల్ల నా వంక చూసింది, నేను తలూపాను. వచ్చి పట్టుకుంది. ముగ్గురం రోడ్డెక్కాం, ఆటోలూ బస్సులూ హారన్లు కొడుతూ పోతున్నాయి. నాగేంద్రం ఎదర రోడ్డునే చూస్తూ నడుస్తోంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవట్లేదు.

"అక్కా, పట్టుకున్నానా?" అంది.

నేను వంగి చూశాను. పిల్ల నాలుగు వేళ్లూ దాని గుప్పిట్లోనే ఉన్నాయి.

"పట్టుకున్నావే," అన్నాను. "గట్టిగానే పట్టుకున్నావు."